పారిస్ నుంచి రోమ్‌కి రెండు గంటలు

"బై బై పారిస్! రోమ్‌కి పదకొండు వందల కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలు. దిగాక మాట్లాడుకుందాం."

రాయపూర్ దేవేంద్ర నగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క పెట్టి కోటయ్య ఫోన్ ఆపేశాడు. భార్య సరోజిని చేతిలోది కూడా లాక్కుని ఆపేశాడు.

నిరుడు ఎదురింటి ఫణిశ్రీ సింగపూర్ వెళ్లొచ్చి, ఏడాది పొడుగునా కాలనీ మొత్తం బుర్ర తినేసింది. అప్పట్నుంచి కోటయ్యకి అన్నం సయించలేదు. కొడితే ఏనుగు కుంభస్థలమే కొట్టాలన్నాడు. యూరప్ అన్నాడు.

"కాళ్లు పట్టేశాయండీ. కిటికీ దగ్గరైనా కూర్చోనివ్వండి," అంది సరోజిని.

"కదలకు. ఇంకో గంటే. ఓపిక పట్టు."

గంట గడిచింది. ఫోన్ తెరిచాడు. గ్రూపు నిండా దండాలు, పువ్వులు. ఫణిశ్రీ మాత్రం కిమ్మనలేదు. కోటయ్యకి కడుపు నిండిపోయింది.

అంతలో ఫోన్ వణికింది. పక్కింటి జ్ఞానప్రకాశం, రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి.

"అరె కోటయ్యగారూ, గజబ్ అయిపోయిందండీ! మీ ఇంట్లో చోర్ దూరాడు!"

కోటయ్య ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. "ఎ... ఎవరన్నారు?"

"ఎవరో అనడమేంటండీ, మేమే విన్నాం లోపల చప్పుడు. ముందు తాళం వేసింది వేసినట్టే ఉంది. బద్మాష్‌గాడు పెరటివైపు నుంచి దూరుంటాడు. ఆ తలుపుకి బయట గొళ్లెం పెట్టేశాం. ఇంకెక్కడికి పోతాడు? అదేంటి, మీ గొంతు అంత మెల్లగా ఉంది?"

"ఎయిర్‌పోర్ట్ కదండీ. ఈ దేశాల్లో గట్టిగా మాట్లాడరు."

"ఓహో!"

"ప్రకాశంగారూ, ఆ గొళ్లెం తీసేసి మీరంతా ఇళ్లకి వెళ్లిపోండి. వాడి దారిన వాణ్ణి పోనివ్వండి. పాపం, ఏ తిండికి లేనివాడో!"

కొసరు కొత్తిమీర వెయ్యలేదని కూరగాయల బండివాణ్ణి వీధి చివరిదాకా తరిమిన కోటయ్యే ఈ మాటన్నాడు. ఆహా, యూరప్ గాలి మహిమ!

"మీ దిల్ బంగారమండీ!" అన్నాడు జ్ఞానప్రకాశం. "మీకంత దిల్ ఉంటే మాకు జిమ్మేదారీ ఉండదా? మావాడు విజయ్ గడ్డపార తెచ్చాడు. ముందు తలుపు పగలగొట్టేస్తాం. దొరికాడా, మేం ఉతకాల్సింది ఉతికి, మిగిలింది పోలీసులకిస్తాం."

"పగలగొట్టకండి!"

"తలుపు మేం కొత్తది చేయిస్తాం లెండి. ఫికర్ చేయకండి. హాయిగా రోమ్ చూడండి."

సరోజిని మొగుడి రెండో చెవిలో గొణిగింది. "మొత్తుకున్నాను కదండీ, ఈ యూరప్ మనకొద్దని! సింగపూర్‌తో సరిపెట్టుకుందామంటే విన్నారా?"

ఇక లాభం లేదనుకున్నాడు కోటయ్య. పరువు పోతే పోయిందని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఫణిశ్రీ గొంతు వినబడింది.

"గట్టిగా కొట్టు విజయ్!"

తెరిచిన నోరు మూసేశాడు.

గడ్డపార మొదటి దెబ్బ పడింది; లోపలినుంచి ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడ్డ కోటయ్యకి అది ఫోన్‌లో వినబడలేదు, నేరుగా నడుం మీదే తగిలింది.