అక్క సర్దిన గది

"పద, ఇవాళ ఇంటికి పోదాం," అంటూ అక్క మంచం మీద కూలబడింది. రెండు బస్సులు మారి వచ్చింది, నడుం పడిపోతోంది.

"నేను రానక్కా."

చూపు పోయినవాళ్లకు పనులు నేర్పే కేంద్రం అది. తమ్ముడి శిక్షణ నిన్నటితో ముగిసింది.

"ఇల్లుండగా ఇక్కడెందుకురా పడుండటం? నేను చూసుకోనా?" అంటూనే లేచి, అతని చెప్పులు మంచం కిందికి నెట్టింది. గోడకు ఆనించిన చేతికర్ర తీసి తలుపు వెనక పెట్టింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు.

ఆ చప్పుడు తమ్ముడు విన్నాడు.

"ఇదిగో, ఇందుకే రాను. నువ్వొచ్చి వెళ్లిన ప్రతిసారీ నా వస్తువులు నేనే వెతుక్కుంటాను."

"చిందరవందరగా ఉంటే సర్దాను. అదీ తప్పేనా?"

"నీ కంటికి చిందరవందర. నా చేతికి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఇంట్లో నువ్వు రోజూ సర్దుతావు. నాకు రోజూ చూపు పోతుంది."

ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. తలుపు వెనక నుంచి కర్ర తీసి పట్టుకుని నిలబడింది. ఎక్కణ్ణుంచి తీసిందో గుర్తు రాలేదు.

"ఇదెక్కడుండేదిరా?"

"కిటికీ పక్కన."

అక్కడే ఆనించింది. తమ్ముడు చెయ్యి చాచి, తడుముకోకుండా అందుకున్నాడు.

"ఇన్నాళ్లకు అడిగావు. ఆ చెప్పులు కూడా ఇవతలికి లాగు. మన బస్సు పోతుంది."