రెబ్కమ్మ వెలుగు

రెబ్కమ్మ ప్రార్థన చేస్తేనే ఆ ఇంట్లో లైటు వెలుగుతుందని ప్రత్తిపాడులో అందరికీ తెలుసు.

ఇల్లు ఆవిడ పెద్దకొడుకు ప్రేమదాసుది. మిషన్ బడిలో మాస్టారు. డెబ్భై ఆరులో ఇల్లు కట్టినప్పుడు వైరింగు, కుళాయిలు రెండూ ఊళ్ళో మిస్త్రీ బుడేకి అప్పజెప్పాడు. బుడే రెండు పనులూ కలిపి చేశాడు. ఆ సంగతి కుళాయి మీద చెయ్యి వేసినవాళ్ళకి వెంటనే తెలిసేది, చెయ్యి జివ్వుమని లాగేది. వీధి గుమ్మంలో బెల్లు నొక్కితే వంటింట్లో ఫ్యాను తిరిగేది. ఫ్యాను స్విచ్చి వేస్తే ఏమీ అయ్యేది కాదు. వంటింటి కుళాయి తిప్పితే బాత్‌రూంలో నీళ్ళు పడేవి, అదీ బావి నీళ్ళు మోసి మేడమీద తొట్టి నింపితే. ఇంట్లోవాళ్ళు అలవాటు పడిపోయారు. చుట్టాలొస్తే మంచినీళ్ళిచ్చి, ఏది నొక్కితే ఏది తిరుగుతుందో చెప్పాకే కూర్చోమనేవాళ్ళు.

అలవాటు కానిది సాయంత్రం లైటొక్కటే. పొద్దు వాలేసరికి హాల్లో బల్బు చుట్ట నిప్పులా ఎర్రగా కునుకుతూ ఉండేది. అప్పుడు రెబ్కమ్మ పెరట్లోకి వెళ్ళేది. మునగచెట్టు మూల నిలబడి, రెండు బకెట్ల నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కునేది. దుమ్ము కాళ్ళతో దేవుడి ముందుకు వెళ్ళడం ఆవిడకు కిట్టదు. అక్కడే ఉన్న రాయి మీద కూర్చుని కళ్ళు మూసుకునేది. ఆవిడ ఆమేన్ అనేసరికి హాలు తెల్లగా వెలిగిపోయేది.

మొదట కనిపెట్టింది పక్కింటి ఆదెమ్మ. నెల తిరక్కుండా పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో ఆ సంగతి చెప్పి సంఘమంతా స్తోత్రం చెయ్యమన్నారు. పాలివ్వని గేదెల్ని కూడా ఆవిడ దగ్గరికి తోలుకొచ్చారు. వానాకాలంలోనైతే ఆవిడ పెరట్లోకి వెళ్ళకముందే లైటు వెలిగేది. అడక్కముందే దేవుడు ఆలకించాడని అందరూ ఇంకాస్త గట్టిగా నమ్మారు.

ఇదంతా కోడలు జయకుమారికి ఒళ్ళుమంట. ఆ రెండు బకెట్లూ ఊరి చివర బావి నుంచి మోసుకొచ్చేది తనే మరి. ఎనభై మూడు ఎండాకాలంలో బావి అడుగంటింది. బిందెకి గంట పడుతోంది.

"మేం గొంతు తడుపుకోడానికి లేక చస్తుంటే, మీ కాళ్ళకి రెండు బకెట్లా అత్తయ్యా?" అంది ఒకరోజు.

మాటా మాటా పెరిగింది. ప్రేమదాసు పేపరు అడ్డం పెట్టుకుని, తిరగేసిన పేజీనే మళ్ళీ తిరగేశాడు. ముసలావిడను వాడరేవులో చిన్నకొడుకు జక్రయ్య దగ్గరికి పంపాలని సాయంత్రానికి తేలింది.

వాడరేవంటే రెబ్కమ్మకి హడల్. ఎండుచేపల వాసనకి ఆయాసం ఎక్కుతుంది. పోయినసారి వారం తిరక్కుండానే మంచం పట్టింది. ఈసారి వెళితే మళ్ళీ ఈ గడప తొక్కనేమోనని ఏడ్చింది. అయినా బస్సెక్కించారు.

ఆ సాయంత్రం బల్బు ఎర్రగా కునికింది. మూడోనాటికి కొండెక్కింది.

ప్రేమదాసు ప్రార్థించాడు. జయకుమారి ఉపవాసముండి, బాత్‌రూంలో కాళ్ళు కడుక్కుని, సరిగ్గా అత్తగారి రాయి దగ్గరే మోకరించింది. పాస్టరుగారు పాటల బృందాన్ని తెచ్చి హాల్లో గంటసేపు పాడించారు. చీకట్లో ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నారు తప్ప ఒరిగిందేం లేదు. ప్రేమదాసు దిద్దాల్సిన ఏడో తరగతి పేపర్లు లాంతరు మసికి నల్లబడ్డాయి.

బుడేని పిలిపించారు. ఫ్యూజు మార్చాడు. బల్బు మార్చాడు. కరెంటు స్తంభం కేసి చాలాసేపు చూసి తల గోక్కున్నాడు.

"ఇది నా చేతిలో లేదు మాస్టారూ. పెద్దమ్మని పిలిపించండి" అన్నాడు.

వైరింగు చేసినవాడే ఆ మాట అనేసరికి జయకుమారి బస్సు డబ్బులు కొంగున ముడేసుకుంది. మర్నాడు మొదటి బస్సుకే వాడరేవు వెళ్ళింది. జక్రయ్య ఇంట్లో రెబ్కమ్మ నులకమంచం మీద కూర్చుని ఎగశ్వాస తీస్తోంది. కోడల్ని చూసి మొహం తిప్పుకుంది. జయకుమారి ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చేసింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. మీరు లేకపోతే మా ఇంట్లో వెలుగు లేదు."

"నీళ్ళు మొయ్యలేనన్నావుగా."

"రెండు కాదు, నాలుగు బకెట్లు మోస్తాను."

"రెండు చాల్లే" అంది రెబ్కమ్మ, ఆయాసపడుతూనే.

ఆ సాయంత్రం సగం ఊరు పెరటి గోడ మీదే ఉంది. రెబ్కమ్మ మునగచెట్టు మూలకి వెళ్ళి, తొందరేమీ లేకుండా కాళ్ళూ చేతులూ కడుక్కుంది. రాయి మీద కూర్చుంది. ఆమేన్ అంది. హాల్లో బల్బు భగ్గున వెలిగింది. ఆదెమ్మ అక్కడే ఏడ్చేసింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జయకుమారి వంటింట్లో ఫ్యాను కింద అత్తగారికి మంచం వేసి, పరుపు పరిచి, తనే వీధి గుమ్మంలోకి వెళ్ళి బెల్లు నొక్కి వచ్చింది.

మర్నాడు పొద్దున మునక్కాయల కోసం బుడే పెరటి దారిన వచ్చాడు. కోడలు నీళ్ళకి వెళ్ళింది. కొడుకు బడికి వెళ్ళాడు. రెబ్కమ్మ అటూ ఇటూ చూసి, వాడి సంచి నిండా కాయలు కుక్కి, గొంతు తగ్గించింది.

"ఒరేయ్ బుడే, స్తంభం నుంచి రెండో తీగ కూడా లాగితే, దాని బదులు నువ్వు తీగ పాతిన ఈ మూల నేల తడపకుండానే లైటు వెలుగుతుందని ఇల్లు కట్టిన ఏడాదే నాతో చెప్పావు చూడు, ఆ మాట మా కోడలికి నేను పోయాక చెప్పు."