సున్నా వస్తే

"ప్రోగ్రాంల నెట్‌వర్క్ సాకెట్ నుంచి డేటా చదివితే సున్నా వచ్చింది. దానర్థం చెప్పండి," అని అడిగిన.

"అవతలోళ్లు కనెక్షన్ మూసేసిన్రని మేడం. ఇగ మనం కూడా మూసేసుకోవాలె," అన్నడు బిక్షపతి సార్.

కరెక్టే. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌ల మా ఆఫీసుకు ఉద్యోగం కోసం వచ్చిన ఈ సారే, ఆరేండ్ల కింద దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్‌ల నాకు సి లాంగ్వేజ్ నేర్పిండు. సున్నా వస్తే డేటా ఇంకా రాలేదని అర్థం, వచ్చేదాకా ఆగాలె అని బోర్డు మీద రాసిండు. తప్పని నేను లేచి చెప్పిన. "నల్గొండ బస్సు దిగి వచ్చి నాకే పాఠం చెప్తున్నది," అని అరవై మందిని నవ్విచ్చిండు. కోర్సు అయిపోయేదాకా నన్ను తలుపు బయటనే నిలబెట్టిండు.

"మరి మాకు తప్పెందుకు చెప్పిన్రు సార్?"

అప్పుడు గుర్తువట్టిండు. తల దించుకున్నడు.

"నువ్వు చెప్పిన్నాడే తెలుసమ్మ, నీదే కరెక్టని. అంతమంది ముందట ఎట్ల ఒప్పుకుంట? ఏడాది సంది పని లేదు. మనసుల పెట్టుకోకు."

"అయ్యో, అదేం లేదు సార్. బయట కూసోండ్రి. హెచ్‌ఆర్ నుంచి పిలుపొస్తది."

ఆ ఉద్యోగం పొద్దుగాలనే వేరే ఆయనకు ఇచ్చేసినం. సార్ పేరు చూసి, ఆ ప్రశ్న అడగనీకే లోపలికి పిలిచిన.

సాయంత్రం నేను ఇంటికి పోతుంటే ఇంకా అదే కుర్చీల ఉన్నడు. నన్ను చూసి లేచి నిలబడ్డడు.

"పిలుపొచ్చిందా మేడం?"

"ఇంకా రాలేదు సార్," అన్న. "వచ్చేదాకా ఆగాలె."