గిటారు కొత్త

"సెయ్యెట్టకండి!"

మంగరాజు అరుపుకి, అరకు స్టేషను బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తప్పైపోయింది బాబూ. మెరుస్తుంటే ముచ్చటేసింది. కొత్తదా గిటారు?"

"కొత్తదేనండి. ఇంకా కొత్త పెట్టలేదు."

కొండల్లో అదొక కట్టుబాటు. కొత్తగా ఏది పండినా ముందు దేవతకి పెట్టి పండగ చెయ్యాలి. ఆ తరువాతే మనిషి నోట్లో పెట్టాలి. చెట్టు నిండా కాయలున్నా, 'మామిడి కొత్త' అయ్యేదాకా లాలాజలమే ఫలరసం.

మంగరాజు ఆ కట్టుబాటుని గిటారుకి కట్టబెట్టాడు.

అతని దేవుడు వరహాలరావు. విశాఖపట్నంలో ఓ ఆర్కెస్ట్రా గిటారిస్టు. డెబ్బై నాలుగులో, హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, వినాయకుడి పందిట్లో మంగరాజు ఆయన్ని చూశాడు. తెల్ల గిటారు, తెల్ల బూట్లు, భుజాల దాకా జుట్టు. పాట మధ్యలో ఆ గిటారు తీగ సాగింది, వణికింది, ఏడ్చింది. మంగరాజూ ఏడ్చాడు. వినాయకుడి సంగతి తెలీదు.

ఆ రోజుతో చదువు తీగ తెగింది, గిటారు తీగ తగులుకుంది.

కొండెక్కితే దీపం ఆరిపోతుంది గానీ, ఆ రోజుల్లో ట్రాన్సిస్టరు కొండెక్కితేనే పలికేది. మంగరాజు రోజూ కొండెక్కి పాటలు వినేవాడు, దిగొచ్చి ఊరి చర్చిలోని పాత గిటారు మీద వెతుక్కునేవాడు. నాలుగేళ్లకి చెయ్యి తిరిగింది. కాఫీ గింజలమ్మి కలకత్తా నుంచి అచ్చం వరహాలరావుది లాంటి తెల్ల గిటారే తెప్పించాడు. కాఫీ తోట కుర్రాడు కదా, కాపీ కూడా కమ్మగానే కొట్టాడు. ఊరికి కరెంటు రాలేదు, కరెంటు గిటారు మాత్రం వచ్చేసింది.

"గోడకి తగిలించి దండమెడతావేట్రా?" అంది తల్లి సోములమ్మ.

"ముందు వరహాలరావుగారు వాయించాలమ్మా. తర్వాతే నాను."

ఇవాళ సాయంత్రం రైల్వే కాలనీలో ఆ ఆర్కెస్ట్రా కచేరీ. మంగరాజు ఉత్తరం రాస్తే, 'నీ వాయింపు వింటాం, నచ్చితే మాలో కలుపుకుంటాం' అని కబురొచ్చింది. అందుకే మంగరాజు కిరండూల్ పాసింజరు వేళకే స్టేషన్లో కాపుకాశాడు.

దేవుడు దిగలేదు. ఎదురుగా ఇనుపరాయి గూడ్సు వస్తోందని బండిని ఆపేస్తే, మఫ్లరు చుట్టుకున్న ఈ పెద్దమనిషి దిగి పక్కన కూర్చున్నాడు.

"నీ పేరు మంగరాజు కదూ?"

"మీకెలా తెల్సండీ?"

"నేనూ నీకు కబురంపిన ఆర్కెస్ట్రా మనిషినేలే."

మంగరాజు లేచి నిలబడ్డాడు. "ఏటి సేత్తారండీ మీరు?"

"తెర వెనకాల కూర్చుంటాను."

"ఓహో, సామాన్లు సద్దుతారా!" మంగరాజు మళ్లీ కూర్చున్నాడు.

పెద్దమనిషి హాయిగా నవ్వాడు. "సద్దుతాను బాబూ. సద్దడమే నా పని. ఏదీ, ఓ పాట వాయించు. వినాలనే దిగాను."

"ఇప్పుడు కాదండీ. సాయంత్రం ఇందురు గానీ."

"సాయంత్రం నేనుండను. కొరాపుట్‌లో కూతురి దగ్గరికి పోతున్నాను. ఇక పట్నం రాను."

"అయ్యో! మరి కొత్త అవకుండా ఎలాగండీ?"

"పోనీ, ఆ కొత్తేదో నేను చెయ్యనా?"

మంగరాజు గిటారుని ఒళ్లోకి లాక్కున్నాడు. "ఏటండీ మీరు! వరహాలరావుగారి సెయ్యి పడాల్సిన గిటారండీ ఇది. మీరు ముట్టుకుంటే ఇన్నాళ్లూ నానున్న ఉపోసం ఏటైపోవాల?"

"అంత ఇష్టమా ఆయనంటే?"

"ఆరు వాయిత్తే రాయికి కూడా ఏడుపొచ్చేత్తదండి."

పెద్దమనిషి మఫ్లరు కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. చలిగాలికేమో అనుకున్నాడు మంగరాజు.

గూడ్సు పట్టాలన్నీ అదరగొడుతూ వెళ్లిపోయింది. పాసింజరు కూత వేసింది.

"బేగి ఎక్కండి, బండెల్లిపోతాది!"

పెద్దమనిషి ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "మీ వరహాలరావు మంచివాడు బాబూ. అడుగు, తప్పకుండా ముట్టుకుంటాడు."

సాయంత్రం వ్యాను వచ్చింది. ముందు తెల్ల బూట్లు దిగాయి, వాటితోపాటు వరహాలరావు.

మంగరాజు గిటారుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, రెండు చేతులా అందించాడు. "మీ సేత్తో ఓసారి పలికించండి సార్."

వరహాలరావు ఆప్యాయంగా అందుకున్నాడు. మెడలో వేసుకున్నాడు. నడుం వంచి, జుట్టు ఎగరేసి, ఫొటోలోలా నిలబడ్డాడు. వేళ్లు మాత్రం కదల్లేదు.

"అది సరేగానీ, పొద్దున మా మాస్టారు దిగి నీ వాయింపు విన్నారా? ఆయన సరేనంటే ఇవాళ్టి నుంచే ఆయన చోటు నీది."

"ఏ మాస్టారండీ?"

"మఫ్లరు కట్టుకుని..."

"సామాన్లు సద్దే ఆయనా? ఇనకుండానే ఎల్లిపోయారండీ. నానే వాయించనన్నాను."

వరహాలరావు మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, గిటారు మెడలోంచి తీసి, జాగ్రత్తగా మంగరాజు చేతుల్లో పెట్టాడు.

"నాకు పట్టుకోవడమే వచ్చు తమ్ముడూ, నువ్వు విన్నదంతా తెర వెనక కూర్చుని ఆయన వాయించిందే."