బండ మీది మొసలి

ఆ అడవిలో నీళ్లెక్కడున్నాయో ముసలి తాబేలుకే తెలుసు. ఎండాకాలం వచ్చిందంటే జంతువులన్నీ దాని చుట్టూ చేరేవి. మనసైతే చెప్పేది, లేకపోతే డొప్పలోకి ముడుచుకునేది.

ఒక ఏడాది జంతువులు విసిగిపోయి, ఎవరికి తెలిసింది వాళ్లు దారి పక్క బండ మీద గోళ్లతో బొమ్మలు గీయసాగాయి. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు.

“ఎవరికి తోచింది వాళ్లు గీకితే అదీ ఒక చదువేనా?” అని తాబేలు ఈసడించింది. అయినా ఊరుకోలేక, ఏటి మలుపులో నీళ్లున్నాయని తనూ గీసింది. తెల్లారేసరికి దాని పక్కన ముళ్లపంది మొసలి బొమ్మ గీసి పెట్టింది.

“నా మాటకే వంకా!” అని తాబేలు రుసరుసలాడుతూ మలుపుకు వెళ్లింది. నీళ్లలో నిజంగానే మొసలి కళ్లు తేలుతున్నాయి. తాబేలు పొదలో నక్కి చూస్తే, మిట్టమధ్యాహ్నం మొసలి అవతలి ఒడ్డెక్కి నిద్రపోయింది. తాబేలు తిరిగొచ్చి, మొసలి బొమ్మ పక్కన నడినెత్తి సూర్యుణ్ణి, మూసిన కళ్లను గీసింది.

మర్నాడు ఒక జింక తన పిల్లను వెంటేసుకుని తడిమూతితో వచ్చింది.

“మొసలికి దొరక్కుండా తాగే ఉపాయం ఎవరు చెప్పారమ్మా?” అని తాబేలు ఆశగా అడిగింది.

“బండ మీద ఉంది తాతా. ఎవరు గీశారో మరి!”

‘నేనే’ అనబోయి తాబేలు ముళ్లపంది గీసిన బొమ్మకేసి చూసింది. అదే లేకపోతే తన గీత ఈ తల్లీపిల్లల్ని తిన్నగా మొసలి నోటికి పంపేది.

“అక్కడ నువ్వు చూసింది కూడా గీసి వెళ్లు తల్లీ” అంటూ పక్కకు జరిగి చోటిచ్చింది.