గాలి లేని కొండ

ఆనందరావుకు పుట్టిన ఊరు నంద్యాలంటే ప్రాణం. అతని కంపెనీ పెద్దలకేమో సముద్రమంటే మోజు. రెండువేల ఏడులో ఈ రెంటికీ పోటీ పడింది.

సంగతేమిటంటే, గాలిమరలు ఎక్కడ పెట్టాలన్నది తేలాలి. తీరానికి పది కిలోమీటర్ల అవతల నీళ్లలోనా, నంద్యాల పక్కనే ఆళ్లగడ్డ దగ్గర కొండ మీదా? సముద్రంలో గాలికి కొదవ లేదు. కానీ నీళ్లలో పునాది వేయాలంటే ఖర్చు మూడింతలు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. వలలు వేసేవాళ్లకు దారి పోతుంది, చేపలు గుడ్లు పెట్టే చోటు చెడుతుంది. కొండకు ఈ బాధలేవీ లేవు. గాలి ఒక్కటుంటే చాలు, కొండే గెలుస్తుంది.

ఉందనే ఆనందరావు ధీమా. ఆషాఢంలో ఆ కొండెక్కితే నెత్తిన తలగుడ్డ నిలవదని ఆళ్లగడ్డ బస్టాండులో టీ కొట్టాయన ఒట్టేసి మరీ చెప్పాడు. అయితే పెద్దలకు టీ కొట్టు సాక్ష్యం ఎక్కడ ఆనుతుంది? ఏడాదిపాటు కొలిచి చూపించమన్నారు.

సరే, కొండ మీద ఎనభై అడుగుల ఇనుప స్తంభం లేచింది. దాని కొసన మూడు గిన్నెలు. గాలికి అవి గిర్రున తిరుగుతుంటే కింద పెట్టెలో వేగం లెక్క పడుతుంది. కాపలాకు ఈరన్నను పెట్టుకున్నారు. నల్లమల చెంచు మనిషి, కొండచరియలకు వేలాడి తేనె తీసినవాడు. భుజాన తాడు లేకుండా ఎవరికీ కనబడడు.

మొదటిరోజే ఆనందరావు అతన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు. గిన్నెలు మహా సున్నితం, పైదేశం సరుకు, ఒక్కటి విరిగినా కొలత ఆగిపోయి ఇద్దరి కొంపా మునుగుతుందన్నాడు. కొండ గెలిస్తే మాత్రం ఈరన్నకు పర్మనెంటు ఉద్యోగం ఖాయమన్నాడు.

"కంటికి రెప్ప మాదిరి సూసుకుంటా సార్," అన్నాడు ఈరన్న.

అన్నట్టే చూసుకున్నాడు. పైగా మరల రెక్కలకు తగిలే పిట్టల లెక్క కూడా అతనే చెప్పాడు. గద్దలు, రాబందులు ఆ పక్క లోయ మీదుగా పోతాయే తప్ప కొండ మీదికి రావట. ఆనందరావు పక్కనే కూర్చుని తానూ పది రోజులు చూశాడు, అక్షరాలా నిజమే. పర్యావరణం విషయంలోనూ కొండదే పైచేయి అని సంబరంగా రాసుకున్నాడు.

అంతలో వానాకాలం వచ్చిపడింది. దారి బురదై జీపు కొండెక్కలేదు. ఈరన్నే నెలకోసారి పెట్టెలో లెక్కలు నమోదయ్యే కార్డు మార్చి, పాతది ఆళ్లగడ్డ దాకా నడిచి తెచ్చి కొరియర్లో వేశాడు.

ఆ కార్డులను ఆనందరావు ఒకటికి రెండుసార్లు చూశాడు. జూన్, జూలై, ఆగస్టు, అన్నీ ఒకటే తంతు. గాలి మొదలవుతుంది, ఊపందుకోబోతుంది, అంతలో సున్నా. గంటలకు గంటలు సున్నా. దసరా వెళ్లగానే పరుగున వచ్చి చూస్తే, గిన్నెలు హాయిగా తిరుగుతున్నాయి. పరీక్ష చేయిస్తే యంత్రంలో ఏ లోపమూ లేదన్నారు. కొండ గాలి తీరే అంత కాబోలని ఉసూరుమన్నాడు.

ఏడాది నిండింది. సముద్రంలో గాలికి సగం కూడా కొండ తూగలేదు. పెద్దలు టీ కొట్టు కబుర్లకు పడీపడీ నవ్వి, ఖర్చు మూడింతలైనా సరేనని సముద్రానికే సంతకాలు పెట్టారు.

స్తంభం దించే రోజు ఆనందరావు స్వయంగా వచ్చాడు. ఈరన్న మొహం చూడాలంటేనే సిగ్గేసింది. ఆశ చూపించి నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టుంది. దించిన గిన్నెలను చేతిలోకి తీసుకుంటే ఒక్కదాని మీదా గీత కూడా లేదు.

"గాలే లేకపాయ ఈరన్నా. నీ తప్పేం లేదులే," అన్నాడు.

"ఉద్యోగం పోతే పోనీ సార్, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటి," అంటూ ఈరన్న భుజం మీది తాడు తడుముకున్నాడు. "పెద్దగాలి లేసినప్పుడల్లా పైకెక్కి, గిన్నెలు ఇరగకుండా ఈ తాడుతోనే బిర్రుగా కట్టేస్తాంటి."