ఖాళీ షెడ్డు

"ఈ జీవాలు ఎవరివమ్మా?"

బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు జయరాజ్ మోటారుసైకిలు దిగకముందే అడిగాడు. కొత్త రేకుల షెడ్డులో ఇరవై గొర్రెలు తీరిగ్గా మేత నములుతున్నాయి.

"నావే సార్" అంది నాగక్క. తెల్లవారినప్పటి నుంచి వల్లె వేసుకున్న మాటే అది.

నిజానికి అందులో ఒక్క గొర్రె కూడా ఆమెది కాదు. అన్నీ వెనకవీధి గోపన్నవి. "ఖాళీ షెడ్డు చూసి ఎవరన్నా లోను ఇస్తారా అక్కా? నా జీవాలు ఒక్క పూట నీ కాడ ఉండనీ. లోను వచ్చినాక ఇవే జీవాలు నేను చెప్పిన రేటుకు కొనుక్కుందువు" అని పొద్దున్నే తనే తోలుకొచ్చి వదిలాడు. చేదతాడు కూడా అరువివ్వని మనిషికి ఇంత దయ ఎలా పుట్టిందా అని నాగక్క ఆశ్చర్యపోయింది. అవసరం తనది కాబట్టి ఎక్కువ ఆలోచించలేదు.

జయరాజ్ ఫైలు మూసేశాడు. "జీవాలుంటే నీకు లోను రాదమ్మా."

"అదేంది సార్?"

"ఇది కొత్తగా పెట్టుకునేవాళ్లకిచ్చే లోను. సగం సబ్సిడీ ఉండేది అందుకే. అర్జీలో ఒక్క జీవం కూడా లేదనే కదా రాయించినావు! నేనొచ్చిందే షెడ్డు ఖాళీగా ఉండాదా లేదా అని చూసేదానికి."

నాగక్క చెవికమ్మలు అమ్మి ఆ రేకులు వేయించింది. చెవి రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుని తిరుగుతోంది. ఎనిమిది నెలలుగా పత్తికొండ బ్యాంకుకూ ఊరికీ మధ్య చెప్పులు అరిగిపోయాయి. లిస్టు పైకి పంపడానికి ఈ రోజే ఆఖరు.

"తప్పయిపోయింది సార్. ఇవి నావి కావు."

"ఇప్పుడే కదా నీవేనంటివి?"

"లోను వస్తాదని అబద్ధం చెప్పినా సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

"మరి ఎవరివి?"

నాగక్క కంచె దగ్గర నిలబడిన గోపన్న వైపు చెయ్యి చూపించింది. "ఆయప్పవి సార్. అడగండి."

ఒక్క మాట చాలు. అవును నావే అని గోపన్న అంటే చాలు, గొర్రెలు వాళ్లింటికి పోతాయి, షెడ్డు ఖాళీ అవుతుంది, సంతకం పడుతుంది.

"నావా?" గోపన్న కండువా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "నా దగ్గర మేకతోక కూడా లేదు సార్."

అంతలో ఒక గొర్రెపిల్ల తడిక సందులోంచి దూరి వచ్చి అతని కాలికి మూతి రుద్దింది. గోపన్న దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

"ఏమప్పా గోపన్నా, నోట్లో నాలిక ఉండాదా లేదా నీకు?" అని అరిచింది నాగక్క.

జయరాజ్ లిస్టు తిరగేశాడు. "గోపన్నంటే నువ్వేనా? నీ అర్జీ కూడా ఉండాదే. ఈడ అయిపోతే మీ ఇంటికే రావాల."

"రాండి సార్. దొడ్డి పొద్దున్నే ఊడ్చి పెట్టినా. గొర్రెపెంటిక కూడా కనపడదు."

అప్పటికి గానీ నాగక్కకు తెలివి రాలేదు. గోపన్న గొర్రెలు పంపింది ఆమె షెడ్డు నింపడానికి కాదు, తన దొడ్డి ఖాళీ చేసుకోవడానికి. ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చెప్పినా నమ్మేదెవరు? ఒకసారి అబద్ధమాడి పట్టుబడిన నోరు తనది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

జయరాజ్‌కు విసుగొచ్చింది. "ఇద్దరివీ కాకపోతే దిక్కులేని జీవాలని రాసి పంచాయతీకి అప్పజెప్తా. వేలం వేసుకుంటారు."

గోపన్న ముఖం పాలిపోయింది. "వద్దు వద్దు సార్! అవి నాగక్కవే. ఊరంతా ఎరిగిందే."

"సాక్షి సంతకం పెడతావా?"

"దానికేం భాగ్యం సార్, పెడతా!"

జయరాజ్ రిపోర్టు రాసి చదివి వినిపించాడు. ఇరవై గొర్రెలు, యజమాని నాగక్క, అందువల్ల అర్జీ తిరస్కరించడమైనది. గోపన్న మోకాలి మీద కాగితం పెట్టుకుని పొడుగ్గా సంతకం చేశాడు. గొర్రెల ముందు నాగక్కను నిలబెట్టి జయరాజ్ ఫోటో తీశాడు.

"ఏమనుకోవద్దమ్మా, రూలు అట్ల ఉండాది" అన్నాడు.

గోపన్న ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బాధపడాకు అక్కా. వచ్చే ఏడు నీకే ఇప్పిస్తా. మాపటికి వచ్చి జీవాలు తోలుకపోతాలే."

నాగక్క ఆ కాగితం మీద ఇంకా తడి ఆరని సంతకాన్నే చూస్తూ నిలబడింది. చెవిలో వేపపుల్లను వేళ్లతో తిప్పింది.

"సార్, ఆ కాగితాన్ని నా ఫోన్లో కూడా ఒక ఫోటో తీసియ్యండి."

జయరాజ్ తీసిచ్చి బండెక్కాడు. గోపన్న అతని వెనక కూర్చున్నాడు. షెడ్డులోని గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి గోపన్నకేసి అరిచాయి. గోపన్న వినబడనట్టే కూర్చున్నాడు.

నాగక్క బయటికొచ్చిన గొర్రెపిల్లను ఎత్తి లోపల వదిలి, తలుపు మూసి గొలుసుకు బీగం వేసింది. ఆ చప్పుడుకు మాత్రం గోపన్న వెనక్కి తిరిగాడు.

"బీగమెందుకక్కా?"

"నా జీవాలు కదప్పా. ఊర్లో దొంగలు శానామంది ఉండారు."